బీఏ ఎకనామిక్స్ తర్వాత డీఎస్సీ, కానిస్టేబుల్ తప్ప ఇంకేం లేవా?



మేము పిఠాపురంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న ఏజెన్సీ పిల్లలం. అడ్డతీగల, రాజవొమ్మంగి, వై.రామవరం, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చాం. మాలో ఎక్కువమందిది బీఏ ఎకనామిక్స్. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. డిగ్రీ మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అయితే తప్పకుండా చదవండి, ఎందుకంటే ఇందులో సగం విషయాలు ఫైనలియర్‌లో తెలిస్తే లాభం లేదు.

సెలవులకి ఊరెళ్తే అందరూ ఒక్కటే అడుగుతారు: "బీఏ అయ్యాక ఏం చేస్తావు? డీఎస్సీనా, కానిస్టేబులా?" మూడో మాట ఉండదు. అడిగేవాళ్ళ తప్పేం లేదు. మన ఊళ్ళల్లో జీతం వచ్చే మనుషులంటే టీచరు, పోలీసు, ఏఎన్ఎం, ఫారెస్ట్ గార్డు, 2019 తర్వాత సచివాలయం ఉద్యోగులు. కళ్ళతో చూసిన ఉద్యోగమే ఉద్యోగం అనిపిస్తుంది. బ్యాంకు మేనేజర్ మన ఊరు రాడు, మనమే వెళ్ళి ఆయన ముందు నిలబడతాం. కేంద్ర ప్రభుత్వంలో ఎకనామిస్టులకి ప్రత్యేకంగా ఒక సర్వీసు ఉందని మన ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?

మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. ఎకనామిక్స్ చదివినవాళ్ళకి దారులు లేక కాదు, ఒక్కో దారికి ఒక్కో తలుపు, ఒక్కో తలుపు ఒక్కో టైంలో మూసుకుపోతుంది. ఆ టైం మనకి చెప్పేవాళ్ళు లేరు. అందుకే అందరం పోయి ఒకే క్యూలో నిలబడుతున్నాం.

ముందు ఆ క్యూ సంగతి చూద్దాం. డీఎస్సీ 2018 తర్వాత మళ్ళీ 2025లో వచ్చింది, 16,347 పోస్టులతో. ఏడేళ్ళు. ఆ డీఎస్సీకైనా బీఏ ఒక్కటీ చాలదు. స్కూల్ అసిస్టెంట్ సోషల్ రాయాలంటే రెండేళ్ళ బీఈడీ ఉండాలి, టెట్ పాసవ్వాలి. పైగా ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మన అన్నలు, అక్కలు టీచర్లయిన రోజుల్లో ఉన్న దారి ఇప్పుడు అంత వెడల్పుగా లేదు. కానిస్టేబుల్ తీసుకోండి. 6,100 పోస్టులకి 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు, తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబర్‌లో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో. వీటిని రాయొద్దని మేము అనడం లేదు. రాయండి. వీటినే నమ్ముకుని వేరే పని లేకుండా కూర్చోవద్దు అంటున్నాం.

ఎకనామిక్స్ పుస్తకంలో మొదటి యూనిట్‌లోనే అవకాశ వ్యయం అని ఉంటుంది. ఒకటి ఎంచుకుంటే, దాని కోసం వదులుకున్న రెండోదాని విలువే దాని అసలు ఖరీదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాసి వదిలేస్తాం. దాన్ని మన మీద పెట్టి చూడండి. ఫైనలియర్ పరీక్ష రాసిన రోజుతో హాస్టల్‌లో మంచం పోతుంది, మెస్ పోతుంది. కాకినాడలో రూము పంచుకుని, మెస్‌లో తింటే మా లెక్కలో నెలకి ఆరేడు వేలు తక్కువ కాదు. కోచింగ్ ఫీజు వేరే. రెండేళ్ళు కూర్చుంటే లక్షన్నర దాటిపోతుంది. ఆ రెండేళ్ళలో పని చేసుంటే వచ్చే జీతం ఇంకో ఖర్చు. ఇంట్లో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? జీడిపిక్కలు అమ్మితేనో, చింతపండు అమ్మితేనో, షావుకారు దగ్గర అప్పు తెస్తేనో రావాలి. పట్నం పిల్లవాడు రెండేళ్ళు ఖాళీగా ఉంటే వాళ్ళ ఇంట్లో అన్నం ఆగదు. మన ఇంట్లో తమ్ముడి చదువు ఆగుతుంది.

చెల్లెళ్ళ విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. అబ్బాయికి ఇంట్లో మూడేళ్ళు టైం ఇస్తే అమ్మాయికి ఒక్క సంవత్సరం ఇస్తారు. తర్వాత సంబంధాలు మొదలు. అమ్మాయిలకి మొదటి జీతం తొందరగా రావడం అంటే డబ్బు ఒక్కటే కాదు, ఇంకో రెండేళ్ళు తన మాట చెల్లడం.

కాబట్టి దారుల్ని జీతం ఎక్కువ తక్కువని బట్టి కాకుండా, తలుపు ఎప్పుడు మూసుకుంటుంది, లోపలికి వెళ్ళడానికి ఏం కావాలి అని విడగొట్టి చూశాం. నాలుగు తేలాయి.

మొదటిది: డిగ్రీ పాసైతే చాలు అనే తలుపులు.

ఇందులో మనకి దగ్గరగా ఉన్నది బ్యాంకు, అందులోనూ గ్రామీణ బ్యాంకు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న నాలుగు గ్రామీణ బ్యాంకుల్ని 2025 మే 1 నుంచి కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అని ఒక్కటి చేశారు. గోదావరి వైపు మనం చూసిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా అందులోనే కలిసింది. ఆఫీస్ అసిస్టెంట్ పోస్టుకి ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది. ప్రిలిమ్స్‌లో రీజనింగ్, లెక్కలు, ఈ రెండే. 80 ప్రశ్నలు, 45 నిమిషాలు. ఇంగ్లీష్ ప్రిలిమ్స్‌లో లేదు, మెయిన్స్‌లో వస్తుంది. పేపర్ తెలుగులో తీసుకోవచ్చు. ఈ పోస్టుకి ఇంటర్వ్యూ లేదు. వయసు 18 నుంచి 28, ఎస్టీలకి ఇంకో ఐదేళ్ళు సడలింపు. ఫీజు 175 రూపాయలు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివిన మనకి ఇంతకన్నా దగ్గరైన బ్యాంకు పరీక్ష లేదు. అయినా మా హాస్టల్‌లో కానిస్టేబుల్ అప్లికేషన్ పెట్టినవాళ్ళలో సగం మంది కూడా దీనికి పెట్టలేదు.

మామూలు ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుని ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు. దీనికి 20 ఏళ్ళు నిండాలి, ఇంగ్లీష్ ప్రిలిమ్స్ నుంచే ఉంటుంది, రాష్ట్ర భాష వచ్చి ఉండాలి. మొదటి మూల వేతనం 24,050, దాని మీద డీఏ, ఇంటద్దె అలవెన్సు. ఆ పైన పీఓ. ఇంకా పైకి చూస్తే రిజర్వ్ బ్యాంకు గ్రేడ్-బి, నాబార్డు గ్రేడ్-ఎ. ఈ రెండింటికీ ఎంఏ కచ్చితం కాదు. ఆర్‌బీఐ గ్రేడ్-బి జనరల్ పోస్టుకి డిగ్రీలో 60 శాతం అడుగుతారు, ఎస్టీలకి 50. రెండో దశలో ఆర్థిక, సామాజిక అంశాల మీద ఒక పేపరే ఉంది. ఇంజినీరింగ్ చదివి వచ్చినవాళ్ళు ఆ పేపర్ కోసం ద్రవ్యోల్బణం అంటే ఏంటో మొదటి నుంచి నేర్చుకుంటారు. మనం మూడేళ్ళు చదివింది అదే. గ్రూప్-2 మెయిన్స్ రెండో పేపర్‌లో కూడా భారత, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ ఒక భాగం. అంటే ఒకే చదువు మూడు నాలుగు పరీక్షలకి పనికొస్తుంది. మనకి బలం లేనిది లెక్కల స్పీడు, ఇంగ్లీష్. ఆ రెండింటికీ డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి రోజూ గంట పెడితే చాలు, దానికి కాకినాడ కోచింగ్ అక్కర్లేదు.

రెండోది: ఒక్క పేపర్ ఉంటే తెరుచుకునే, లేకపోతే జీవితాంతం మూసుకుపోయే తలుపులు.

ఆ పేపర్ పేరు స్టాటిస్టిక్స్. కేంద్ర గణాంక శాఖలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ అని పోస్టు ఉంది, ఎస్‌ఎస్‌సీ వాళ్ళు సీజీఎల్ పరీక్షతో తీసుకుంటారు, ఎస్టీలకి ఫీజు లేదు. అర్హత రెండు రకాలు: ఇంటర్‌లో మాథ్స్‌లో 60 శాతం ఉండాలి, లేదా డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. మనలో ఎక్కువమంది ఇంటర్‌లో హెచ్ఈసీ, సీఈసీ. మొదటి తలుపు అక్కడే పోయింది. మిగిలింది డిగ్రీలో స్టాటిస్టిక్స్. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కి కూడా డిగ్రీ చాలు, కానీ స్టాటిస్టిక్స్ సబ్జెక్టు ఉండాలి.

2023-24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతికి మారింది. ఒక మేజర్, దాంతో పాటు ఒక మైనర్. మాది ఆ మొదటి బ్యాచ్. మైనర్ ఎంచుకునేటప్పుడు క్లాసులో జరిగేది ఏంటో అందరికీ తెలుసు: ఏ సబ్జెక్టు సులువు, ఏ సార్ మార్కులు బాగా వేస్తారు, స్నేహితుడు ఏది తీసుకున్నాడు. ఆ ఒక్క కాగితం మీద పెట్టిన టిక్కు పదేళ్ళ తర్వాత కూడా మన వెంట వస్తుందని ఎవరూ చెప్పరు. మీ కాలేజీలో స్టాటిస్టిక్స్ మైనర్ ఉంటే భయపడకుండా తీసుకోండి. లేకపోతే లెక్చరర్‌ని అడగండి, పదిమంది కలిసి అడగండి. ఎకనామిక్స్ మేజర్‌లో వచ్చే ఒక్క స్టాటిస్టిక్స్ పేపర్ సరిపోతుందా లేదా అనేది పోస్టుని బట్టి మారుతుంది. నోటిఫికేషన్‌లో అర్హత అని ఉన్న చోట ప్రతి లైనూ చదవండి. యూట్యూబ్ వీడియో విని నిర్ణయించుకోకండి.

మూడోది: ఎంఏ చేస్తేనే తెరుచుకునేవి.

ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ 1961లో ఏర్పడింది. యూపీఎస్సీయే పరీక్ష పెడుతుంది. ఎంఏ ఎకనామిక్స్ ఉండాలి, వయసు 21 నుంచి 30, ఎస్టీలకి 35 దాకా. ఏటా పోస్టులు కొద్దే, అది నిజమే. కానీ రాసేవాళ్ళు ఎకనామిక్స్ పీజీ ఉన్నవాళ్ళు మాత్రమే, సివిల్స్ లాగా దేశం మొత్తం కాదు. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగానికి విడిగా గ్రేడ్-బి పోస్టులు ఉంటాయి, వాటికీ ఎంఏ కావాలి. జూనియర్ లెక్చరర్‌కి పీజీ, డిగ్రీ లెక్చరర్‌కి పీజీతో పాటు నెట్ లేదా సెట్.

ఎంఏ అంటే ఖర్చు అనుకుంటాం. ఆంధ్రా యూనివర్సిటీ, రాజమండ్రి నన్నయ యూనివర్సిటీలకి పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఇవి ప్రభుత్వ యూనివర్సిటీలు, హాస్టల్ ఉంటుంది, రిజర్వేషన్ ఉంటుంది. ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్తే గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్టీ విద్యార్థులకి జాతీయ ఫెలోషిప్ ఇస్తుంది. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి ఓవర్సీస్ స్కాలర్‌షిప్, అందులో 3 కొండరెడ్డి లాంటి ఆదిమ తెగల వాళ్ళకి. దేశం మొత్తానికి 20 అంటే తక్కువే. కానీ అప్లికేషన్ పెట్టకపోతే ఆ ఇరవైలో మనం ఎప్పటికీ ఉండం.

ఒక్క హెచ్చరిక. ఎంఏ ఎకనామిక్స్ అంటే బీఏ లాంటిది కాదు, లెక్కలు ఎక్కువ. కాలిక్యులస్, మాట్రిసెస్, ఎకనామెట్రిక్స్ వస్తాయి. ఎంఏకి వెళ్దాం అనుకునేవాళ్ళు రెండో సంవత్సరం నుంచే ఇంటర్ మాథ్స్ పుస్తకం పక్కన పెట్టుకోవాలి. "ఏదో ఒక పీజీ" అని వెళ్తే రెండేళ్ళు పోతాయి, దాని అవకాశ వ్యయం ఇందాక చెప్పిందే.

నాలుగోది: బయటి ఉద్యోగాలు. ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడాలి.

ప్రైవేటు అనగానే మన పిల్లలకి ముందు దొరికేది మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఉద్యోగం. బండి ఉండాలి, లోకల్ అయ్యుండాలి అంటారు. లోకల్ ఎందుకు అంటే, మన ఊళ్ళో మన అత్తల దగ్గర, పిన్నుల దగ్గర వారం వారం వాయిదా వసూలు చేయడానికి. ఈ రాష్ట్రంలో వసూళ్ళ ఒత్తిడి ఎంత దూరం వెళ్ళిందంటే 2010లో ప్రభుత్వం దాని మీద చట్టమే తేవాల్సి వచ్చింది. ఆ పని చేసేవాళ్ళని తప్పు పట్టం, ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ మన కులపోళ్ళన్న నమ్మకాన్నే అక్కడ సరుకుగా వాడుకుంటున్నారని తెలుసుకుని చేరండి. ఒక సంవత్సరం చేసినా, ఆ టైంలో బ్యాంకు పరీక్ష చదువు ఆపకండి.

ఇంకో రకం పని ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు: సర్వేలు. నేషనల్ శాంపిల్ సర్వే 1950 నుంచి నడుస్తోంది. ఉద్యోగాల మీద, ఇంటి ఖర్చు మీద ఇళ్ళకి తిరిగి అడిగే సర్వేలు అవే. ఇవి కాక స్వచ్ఛంద సంస్థలు, యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు చేసే సర్వేలు ఉన్నాయి. మొదటి సంవత్సరం అయ్యాక మనమందరం కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేశాం. ఇంటింటికి వెళ్ళి ఫారం నింపాం, టేబుల్ వేశాం, రిపోర్టు రాశాం. చాలామంది అది మార్కుల కోసం అనుకుని మర్చిపోయారు. అది ఒక పని. దానికి ఎక్సెల్ కలిపితే, శుభ్రంగా టైపింగ్ కలిపితే, దానికి జీతం ఇస్తారు. కాంట్రాక్టు పనే, పెద్ద జీతం కాదు, ప్రాజెక్టు అయిపోతే ఆగిపోతుంది. అబద్ధం చెప్పం. కానీ డిగ్రీ అయిన మూడో నెలలో చేతిలో డబ్బు, సర్టిఫికెట్‌లో అనుభవం రెండూ వస్తాయి.

ఇందులో మనకి ఉన్నది పట్నం వాళ్ళకి లేదు. ట్యాబు పట్టుకుని ఎవరో చింతూరు వైపు ఊరికి వస్తారు. కోయ మాట్లాడే అవ్వని పుస్తకాల తెలుగులో అడుగుతారు: "మీ నెలవారీ ఆదాయం ఎంత?" నెల ఆదాయం అనేదే లేని ఇల్లు అది. జీడిమామిడి కాలంలో కాస్త వస్తుంది, చింతపండు కాలంలో కాస్త వస్తుంది, మిగతా నెలలు కూలి. అవ్వ ఏదో ఒక అంకె చెప్తుంది. ఆ అంకె ఢిల్లీ వెళ్తుంది. దాన్ని బట్టి పథకాలు రాస్తారు. ఆ ప్రశ్న సరిగ్గా అడగడం ఎవరికి వచ్చు? గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ 1956లో పెట్టింది మన సరుకుని దళారీ నుంచి కాపాడటానికే. మరి సంతలో గింజ తీయని చింతపండుకి ఒక రేటు, గింజ తీసి ముద్ద కట్టినదానికి ఇంకో రేటు ఎందుకో, ఆ మధ్య తేడా ఎవరి జేబులోకి పోతుందో పుస్తకంలో విలువ జోడింపు అనే మాట చదవకముందే మనకి తెలుసు. మనకి లేనిది ఆ తెలిసినదాన్ని టేబుల్‌గా, రిపోర్టుగా పెట్టే అలవాటు. డిగ్రీ నేర్పాల్సింది అదే.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలని 2013 భూసేకరణ చట్టం చెప్పింది. దేవీపట్నం వైపు పోలవరం ముంపు ఊళ్ళ వాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు. ఇంటికి ఎంత, చెట్టుకి ఎంత, పోడు భూమికి ఎంత అని లెక్క కట్టే బల్లకి అటువైపు మనవాళ్ళు ఎంతమంది కూర్చున్నారు? అదే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, గిరిజన ఉపప్రణాళిక చట్టం వచ్చింది. మన జనాభా దామాషాలో మన కోసం నిధులు పెట్టాలని. ఏటా బడ్జెట్‌లో ఆ పద్దులు అచ్చవుతాయి. ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది, రోడ్డుకి ఖర్చయితే అది మన ఊరి రోడ్డేనా, అందరి రోడ్డునీ మన లెక్కలో రాశారా? ధర్నాకి మన దగ్గర మనుషులు ఉన్నారు. ఆ పుస్తకం తెరిచి పద్దు చదివే పిల్ల ఒక్కతి కావాలి. ఆ పని నేర్పేది ఎకనామిక్సే.

కొందరు అంటారు: "ఇవన్నీ మనకి కాదులే. డిగ్రీ ఇంగ్లీష్ మీడియం చేశారు, పాసవ్వడమే గొప్ప." ఇంగ్లీష్ కష్టం నిజం. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా డిమాండ్, సప్లై ఇంగ్లీష్‌లో రాయమంటే ఎలా ఉంటుందో మాకు తెలుసు. కానీ "మనకి కాదు" అనే మాట ఒప్పుకోం. జార్ఖండ్ ముండా బిడ్డ జైపాల్ సింగ్ వంద ఏళ్ళ కింద ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ఎకనామిక్స్. 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివింది ఎకనామిక్సే, రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం 1923లో వచ్చింది. ఇద్దరూ లెక్క తెలిసి మాట్లాడారు కాబట్టే ఎదుటివాళ్ళు వినాల్సి వచ్చింది. అందరం వాళ్ళంతవాళ్ళం అవుతామని కాదు. ఈ సబ్జెక్టు పెద్దింటి పిల్లలదని మాత్రం ఎవరూ అనొద్దు.

ఇంకొందరు అంటారు: "ముందు ఏదో ఒక ఉద్యోగం, తర్వాత చూద్దాం." దీంతో మేము సగం ఒప్పుకుంటాం. ఇంట్లో వెనక నిలబడేవాళ్ళు లేనప్పుడు ముందు జీతం రావడమే మంచిది. గ్రామీణ బ్యాంకులో చేరి దూరవిద్యలో ఎంఏ కట్టొచ్చు, ఎస్టీలకి వయసు సడలింపు ఉంది కాబట్టి ఐదేళ్ళ తర్వాత కూడా పెద్ద పరీక్ష రాయొచ్చు. ఆ ఐదేళ్ళ సడలింపు ఇచ్చింది మనం ఆలస్యంగా మొదలుపెడతామని తెలిసే. దాన్ని ఖాళీగా కూర్చోడానికి కాకుండా, జీతం తీసుకుంటూ పైకి ఎక్కడానికి వాడుకోవాలి. ఒప్పుకోని సగం ఏంటంటే, "తర్వాత" అనేది నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసుకోకపోతే ఎప్పటికీ రాదు.

మా హాస్టల్‌లో ఫైనలియర్ ఎకనామిక్స్ వాళ్ళం ఆరుగురం. కూర్చుని పంచుకున్నాం. నలుగురు గ్రామీణ బ్యాంకు, క్లర్కు. ఒక చెల్లి బయట హాస్టల్ నుంచి మాతో కలిసి సీయూఈటీ పీజీకి చదువుతోంది. లెక్కల్లో గట్టివాడు ఒకడు మాకు రోజూ రాత్రి తొమ్మిది నుంచి పది దాకా శాతాలు, నిష్పత్తులు చెప్తున్నాడు. ఇద్దరు పీజీసెట్ కూడా రాస్తారు. గ్రూప్-2 అందరం రాస్తాం, కానీ ఎవరం దాని కోసమే ఆగం.

జూనియర్లకి నాలుగు మాటలు. డిగ్రీ శాతం 60కి తగ్గనివ్వకండి, మనకి సడలింపు ఉన్నా సరే, మార్కులు ఉంటే ఎక్కడా ఎవరినీ బతిమాలక్కర్లేదు. మైనర్ ఎంచుకునే ముందు ఒక్క సీనియర్‌ని అడగండి. కుల ధ్రువీకరణ, ఆధార్, పదో తరగతి మెమోలో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి, ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఏడవకుండా. అప్లికేషన్ ఆఖరి రోజు దాకా ఆగకండి, నెట్ సెంటర్ వాడు ఆ రోజే సర్వర్ డౌన్ అంటాడు.

అన్నలకి, అక్కలకి ఒక మనవి. ఈ గ్రూపులో బ్యాంకులో ఉన్నవాళ్ళు, లెక్చరర్లు, యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు, సర్వే పనులు చేసినవాళ్ళు ఉన్నారు. పండక్కి శుభాకాంక్షలు పెడతారు, సంతోషం. ఒక్కసారి మీ ఉద్యోగం గురించి పది లైన్లు రాయండి: ఏ పరీక్ష రాశారు, ఎన్నోసారి వచ్చింది, డిగ్రీలో ఏ సబ్జెక్టు పనికొచ్చింది, రోజూ ఏం పని చేస్తారు. మీ సలహా కన్నా మీ లెక్క మాకు ఎక్కువ ఉపయోగం. మన ఊళ్ళో పిల్లలు టీచర్‌నీ పోలీసునీ చూసి అవే కలలు కన్నారు. మిమ్మల్ని చూస్తే ఇంకో నాలుగు కలలు పుడతాయి.

జై ఆదివాసీ.